వానలకు ముందే జరరాక పాముతో జాగ్రత్త

ఆగ్నేయ బ్రెజిల్‌లో, ముఖ్యంగా అట్లాంటిక్ అడవుల అంచు పొలాల్లో, వానలు పడే వెచ్చని నెలల్లో జరరాక అనే విషసర్పం కాట్లు ఎక్కువవుతాయి. అప్పుడు పాము చురుకుగా తిరుగుతుంది, మనుషులు కలుపు మొక్కల మధ్య ఉంటారు; పైగా గుడ్లు పెట్టకుండా పిల్లలనే కనే ఈ పాము ఎక్కువగా ఆ కాలం చివర్లోనే ఈనుతుంది.

సుమారు మీటరు పొడవుండే జరరాక ఎండుటాకుల్లో పడుకుంటే కనిపించదు. అది మనిషిని వెంటాడదు. చుట్టుకొని కదలకుండా పొంచి ఉండి, కంటికీ ముక్కుకీ మధ్యనున్న గుంటలతో ఎలుక ఒంటి వేడిని చీకట్లోనూ పసిగడుతుంది. కాబట్టి ప్రమాదమంతా చూడకుండా కాలు వేయడంలో, చెయ్యి పెట్టడంలో ఉంది. కాట్లలో ఎక్కువ భాగం పాదం మీదా పిక్క మీదా పడతాయి గనుక, అన్నిటికంటే ముందు కొనవలసినవి మోకాలి దాకా వచ్చే బూట్లు. కట్టెల మోపును, రాళ్లను, గడ్డికుప్పను చేతితో కాక కర్రతో కదిలించాలి. తోలు చేతితొడుగులు వేసుకోవాలి. రాత్రి టార్చి లేకుండా బయటికి రాకూడదు. ఇంటి చుట్టూ చెత్తను, ధాన్యం దగ్గర ఎలుకలను ఉండనివ్వకూడదు.

తోక కొసను పురుగులా ఆడించి కప్పలను రప్పించుకునే పిల్లపామును తేలికగా తీసుకోవద్దు. దాని కాటుకు వాపు తక్కువే రావచ్చు గాని, రక్తం గడ్డకట్టే గుణం మరింతగా దెబ్బతినవచ్చు.

కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, సారా తాగించడం వద్దు. ఉంగరాలు, బూట్లు వాపు రాకముందే తీసి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి, బ్రెజిల్‌లో అంబులెన్సుకు ఫోను నంబరు 192. ఈ విషం రక్తపోటును కూడా పడగొట్టగలదు (ఆ గుణాన్ని పరిశోధించడం నుంచే అధిక రక్తపోటుకు వాడే క్యాప్టోప్రిల్ మందు పుట్టింది). దీనికి విరుగుడు, జరరాక చేరిన బోత్రాప్స్ జాతి పాముల కోసం చేసిన సీరమే. ఏ పాము విషానికి ఆ సీరమే కావాలని వైటల్ బ్రాజిల్ అనే వైద్యుడు 20వ శతాబ్దపు తొలినాళ్లలోనే నిరూపించాడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల కోసం మన దేశంలో తయారయ్యే మందును అక్కడికి వెంట తీసుకెళ్లినా ప్రయోజనం ఉండదు. బ్రెజిల్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీరం ఉచితమే అయినా ప్రతి ఆసుపత్రిలోనూ ఉండదు గనుక, అది దొరికే దగ్గరి ఆసుపత్రి ఏదో, వానలో అక్కడికి వెళ్లే దారి ఏదో ముందే తెలుసుకొని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి.