తరగతిలో గొడవ చేసే పిల్లవాడిని దారికి తెచ్చుకోవడం ఎలా?

ముందు ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. ఆ పిల్లవాడి గురించి వారం రోజుల పాటు మూడు విషయాలు రాయండి: గొడవకు ముందు తరగతిలో ఏం జరుగుతోంది, వాడు ఏం చేశాడు, ఆ తర్వాత వాడికి ఏం దక్కింది. "అల్లరి చేశాడు" అని రాస్తే లాభం లేదు. "11.40కి, బోర్డు మీది లెక్క ఎక్కించుకోమనగానే పలక విసిరాడు" అని రాయండి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మా మూడో తరగతిలో ఒకడు తెలుగు వాచకం తీయగానే పక్కవాళ్ల పెన్సిళ్లు లాక్కునేవాడు, కేకలు పెట్టేవాడు. రోజూ బయట నిలబెట్టేదాన్ని. వాడికి కావలసింది అదేనని రాసుకున్నాక గానీ తెలియలేదు. గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు. అందరి ముందు తడబడి నవ్వులపాలు కావడం కన్నా నా చేత తిట్లు తినడమే వాడికి నయమనిపించింది.

రాసినది చదివితే కారణం చాలాసార్లు అందులోనే ఉంటుంది. గొడవలన్నీ మధ్యాహ్న భోజనానికి ముందే జరుగుతుంటే ఉదయం ఏం తిని వచ్చాడో అడగండి. బోర్డు చూసి రాసేటప్పుడే అయితే కంటిచూపును, పిలిచినా పలకకపోతే వినికిడిని అనుమానించండి. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు ఆ బిడ్డను తప్పకుండా చూపించండి.

కారణం తెలిశాక దాన్ని తొలగించడమే అసలు పని. మావాడికి మర్నాడు చదవబోయే నాలుగు వాక్యాలను ముందురోజు సాయంత్రమే పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. తరగతిలో వాడి వంతుకు అవే ఇచ్చాను. "ముగ్గు" దగ్గర ఆగాడు. అక్షరం కింద వేలు పెట్టి, పెదవులు కదిపి, మళ్లీ అందుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. గొడవ ఒక్కసారిగా పోలేదు. దసరా సెలవుల తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ నాలుగు వాక్యాలతోనే మొదలుపెట్టాం.

గొడవ జరుగుతున్నప్పుడు దూరం నుంచి అరవకండి. దెబ్బ తగిలిన బిడ్డ ఉంటే ముందు ఆ బిడ్డను చూడండి. తర్వాత గొడవ చేసినవాడి దగ్గరకు వెళ్లి, వాడి ఎత్తుకు వంగి, తగ్గు గొంతుతో ఒక్క మాట చెప్పండి: "పలక కింద పెట్టు నాన్నా." సంజాయిషీలు అప్పుడు అడగవద్దు. వాడు చల్లబడ్డాక, చేసిన నష్టాన్ని వాడి చేతనే సరిచేయించండి. చించిన పేజీని వాడే అతికించాలి, ఒలకబోసిన నీళ్లు వాడే తుడవాలి.

బెత్తం, గుంజీళ్లు, గోడకుర్చీ వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. "మొద్దు" అని పిలవడం కూడా తక్కువ గాయం కాదు. మాట్లాడినవాళ్ల పేర్లను లీడరు బోర్డు మీద రాసే పద్ధతిని కూడా ఈరోజే ఆపేయండి. అది పిల్లల మధ్య పగలు పెంచుతుంది.

తల్లిదండ్రులను ఫిర్యాదు చేయడానికి పిలవకండి. కోపంలో మీరు చెప్పిన మాటకు ఆ రాత్రి ఇంట్లో వాడి వీపు మీద దెబ్బలు పడతాయి. వాడు చేసిన ఒక మంచి పనితో మొదలుపెట్టి, "అమ్మా, ఈ మధ్య ఇంట్లో ఏమైనా మారిందా?" అని అడగండి. నాన్న వలస వెళ్లాడనో, చెల్లి పుట్టిందనో అప్పుడే బయటికొస్తుంది. ఇంట్లో హింస జరుగుతోందని అనుమానం వస్తే ప్రధానోపాధ్యాయులకు చెప్పి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. ఎదుగుదలలో తేడా కనిపిస్తే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం వారిని కలవండి.

నాలుగు వారాల తర్వాత అదే నోటుపుస్తకంలో ఇంకో వారం రాయండి. రోజుకు ఆరుసార్లు జరిగేది మూడుసార్లకు వస్తే మీ పద్ధతి పనిచేస్తున్నట్టే, కొనసాగించండి. ఏమీ తగ్గకపోతే మనం పట్టుకున్న కారణం వేరు, అసలు కారణం వేరు. మళ్లీ మొదటి పేజీ తెరవండి.