రోజూ నీళ్ళు పోయనక్కరలేని పెరటి తోట ఎలా పెంచాలి?

పలుగు, పార, పైపు, చివికిన పశువుల ఎరువు, ఎండుటాకులు ఉంటే చాలు. పచ్చిక జోలికి పోవద్దు. మన ఎండల్లో దాన్ని బతికించాలంటే బోరు ఎండాల్సిందే.

వావిలి, అడ్డసరం, ముళ్ళగోరింట నాటండి, నీడకు కానుగ. గన్నేరు కూడా ఎండకు నిలుస్తుంది కానీ విషం, పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. తంగేడును నర్సరీలో కొననే కొనకూడదు. దాని తల్లివేరు సంచిలో చుట్టుకుపోతుంది. గింజల మీద వేడినీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి నేరుగా నేలలో విత్తండి.

మృగశిర కార్తెలో వానలు పడ్డాక, అడుగున్నర లోతు గుంత తీసి, అదే మట్టిలో కాస్త ఎరువు కలిపి నాటి, చుట్టూ పాదు చేయండి. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది కాబట్టి మట్టి ఎగదోసి మిట్ట మీద నాటాలి.

మొక్కలు చచ్చేది ఇక్కడి నుంచే. కరవుకు తట్టుకునే మొక్క కదా అని నాటిన మర్నాడే వదిలేసేవారు కొందరు. అంతకంటే ఎక్కువ మంది రోజూ సాయంత్రం చెంబెడు పోసి మురిసిపోతారు. ఆ చెంబెడు పై రెండంగుళాల మట్టినే తడుపుతుంది. తడి ఉన్నచోటే వేళ్ళూ ఆగిపోతాయి. ఏప్రిల్‌లో మీరు వారం రోజులు ఊరెళితే మొక్క మాడిపోతుంది. రోజుకు పది నిమిషాలు వదిలే డ్రిప్పు చేసేదీ ఇదే. ఖర్చు మాత్రం అదనం.

పాదు నిండా నీళ్ళు పెట్టండి. ఇంకిపోయాక మళ్ళీ నింపండి. తర్వాత చేతులు కట్టుకుని కూర్చోండి! నాలుగంగుళాల లోతుకు పుల్ల గుచ్చి చూడండి. తడి మట్టి అంటుకుని వస్తే నీళ్ళు వద్దు. మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారుపడి పైపు పట్టుకోకండి, అది ఎండకు వాలడం. తెల్లవారేసరికీ వాలే ఉంటేనే దాహం. మొక్క నిలదొక్కుకునే కొద్దీ తడికీ తడికీ మధ్య రోజులు పెంచండి. కొమ్మలు విస్తరిస్తుంటే పాదునూ వెడల్పు చేయండి, ఎందుకంటే నీళ్ళు అందాల్సింది కాండం మొదట్లో కాదు, కొమ్మల అంచు కింద. మొదటి వేసవి అంతా ఇలా చూసుకుంటే, రెండో వేసవిలో పదిహేను రోజులకో తడి సరిపోతుంది.

ఎండుటాకులు పాదులో మూడంగుళాల మందాన పరచండి. కాండానికి మాత్రం జానెడు దూరంలో ఆపాలి, లేదంటే మొదలు కుళ్ళుతుంది.