వైరింగ్ పని తర్వాత క్రూయిజ్ కంట్రోల్ పట్టకపోతే ఎక్కడ వెతకాలి?

హారన్ మార్పించాక, రివర్స్ కెమెరా పెట్టించాక, ఎలుకలు కొరికిన వైర్లు అతికించాక చాలా కార్లలో ఎదురయ్యే ఇబ్బంది ఇది. బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది. ఏసీ, లైట్లు అన్నీ పనిచేస్తాయి. కొన్నాళ్లకు కాజ టోల్‌గేట్ దాటి గుంటూరు వైపు వెళ్తూ సెట్ బటన్ నొక్కితే క్రూయిజ్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే ఒకే వేగంలో నడిపే సదుపాయం) పట్టదు. మెకానిక్‌ను అడిగితే "మేం దాని జోలికే పోలేదు సార్" అంటాడు. అది నిజమే కావచ్చు. అయినా కారణం ఆ పనిలోనే ఉండొచ్చు.

ఇప్పటి కార్లలో క్రూయిజ్ కోసం విడిగా మోటారు గానీ కేబుల్ గానీ ఉండదు. ఇంజిన్‌కు వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్‌ను నడిపేది ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కాబట్టి, వేగాన్ని నిలబెట్టే పనీ అదే చూసుకుంటుంది. కాకపోతే ముందు కొన్ని సంగతులు రూఢి చేసుకుంటుంది. బ్రేక్ మీద కాలు లేదు, క్లచ్ నొక్కలేదు, చక్రాల వేగం సరిగ్గా తెలుస్తోంది, ఏబీఎస్‌లో (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లోపం లేదు, బటన్ సిగ్నల్ స్పష్టంగా వస్తోంది. వీటిలో ఏ ఒక్కదాని మీద అనుమానం వచ్చినా క్రూయిజ్‌ను ఒప్పుకోదు. అందుకే పాడైన క్రూయిజ్ కోసం వెతకకండి. ఈసీయూకు అనుమానం కలిగిస్తున్నది ఏదో వెతకండి. అది తేలేదాకా ఒక్క సామాను కూడా కొనవద్దు.

ముందు లక్షణం చూడండి

క్రూయిజ్ మెయిన్ బటన్ నొక్కినా మీటర్‌లో గుర్తు వెలగకపోతే తప్పు బటన్ల వైపు ఉంటుంది: స్టీరింగ్ స్విచ్, దాని కింద ఉండి, స్టీరింగ్ తిరిగినా కనెక్షన్ తెగకుండా చూసే స్పైరల్ కేబుల్, లేదా ఫ్యూజ్. గుర్తు వెలిగి, సెట్ నొక్కితే మాత్రం పట్టకపోతే బ్రేక్ స్విచ్, క్లచ్ స్విచ్, ఏబీఎస్ వైపు చూడాలి. పట్టి, గతుకు మీద ఎగిరినప్పుడు వదిలేస్తే ఎక్కడో కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్) లూజుగా ఉన్నట్టు, లేదా బ్రేక్ స్విచ్ అంచు మీద నిలబడి ఉన్నట్టు. పగలు బాగానే పనిచేసి, రాత్రి లైట్లు వేయగానే వదిలేస్తే వెనక బల్బుల దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక మాట. చాలా కార్లలో గంటకు 30 నుంచి 40 కిలోమీటర్లు దాటితే గానీ క్రూయిజ్ పట్టదు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పరీక్షించి పాడైందని తేల్చుకోకండి.

బ్రేక్ స్విచ్: ఎక్కువసార్లు దొరికేది ఇక్కడే

"బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి కదా, స్విచ్ బాగానే ఉంది" అనే మాట ఆటోనగర్‌లో తరచూ వినిపిస్తుంది. ఆ మాటతోనే వెతుకులాట దారి తప్పుతుంది. పెడల్ పైన ఉండే ఆ స్విచ్‌లో సాధారణంగా రెండు కాంటాక్ట్‌లు ఉంటాయి. ఒకటి పెడల్ నొక్కితే కలిసి బ్రేక్ లైట్లు వెలిగిస్తుంది. రెండోది పెడల్ వదిలి ఉన్నంతసేపూ కలిసే ఉండి, నొక్కగానే విడిపోతుంది. ఈసీయూ రెండింటినీ పోల్చి చూస్తుంది. చాలా కార్లలో రెండింటికీ ఫ్యూజులు కూడా వేరు. కాబట్టి లైట్లు చక్కగా వెలుగుతూనే రెండో కాంటాక్ట్ చచ్చిపోయి ఉండొచ్చు.

డ్యాష్‌బోర్డ్ కింద పడుకుని వైర్లు లాగేటప్పుడు మెకానిక్ భుజమో, టార్చో తగిలి ఈ స్విచ్ పక్కకు జరగడం మామూలే. పరీక్ష ఇలా చేయండి:

1. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ ఆపి ఉంచండి. డిజిటల్ మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ను బాడీ ఎర్త్‌కు (రంగు లేని లోహ భాగానికి) పట్టించండి.
2. కప్లర్ పీకకుండా, వైరు వెనక నుంచి ఎర్ర ప్రోబ్ తగిలించి నాలుగు పిన్నులూ చూడండి. మామూలు స్విచ్‌లో పెడల్ వదిలి ఉన్నప్పుడు మూడింటిలో 12 వోల్టుల దగ్గర రావాలి: రెండు సప్లైలు, రెండో కాంటాక్ట్ అవుట్‌పుట్. బ్రేక్ లైట్ వైరులో సున్నా ఉండాలి.
3. పెడల్ నొక్కగానే ఆ రెండు అవుట్‌పుట్‌లూ తారుమారు కావాలి. లైట్ వైరుకు 12 రావాలి, రెండోది సున్నాకు పడాలి.
4. రెండో సప్లైలో అసలు వోల్టేజే లేకపోతే స్విచ్ మార్చకండి, దాని ఫ్యూజ్ చూడండి. ఫ్యూజ్‌ను కంటితో చూసి వదిలేయకుండా, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి పైన కనిపించే రెండు చుక్కల దగ్గరా వోల్టేజ్ కొలవండి. కొత్తది వేయాలంటే అదే రంగు వేయండి: 7.5 ఆంపియర్లు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు.

కొన్ని కొత్త కార్లలో కాంటాక్ట్‌ల బదులు సెన్సర్ ఉంటుంది. వాటిని మీటర్‌తో కాకుండా స్కానర్ (కారు కంప్యూటర్లను చదివే పరికరం) లైవ్ డేటాలో చూడటమే మేలు. బల్బు టెస్టర్‌ను ఈసీయూకు వెళ్లే వైర్లకు తగిలించవద్దు. అది లాగే కరెంటుకు లోపలి సర్క్యూట్ దెబ్బతినవచ్చు.

పెడల్ చెయ్యికి స్విచ్ పిన్ ఆనే చోట ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లను కూడా చూడండి. ఎండలకు అది పెళుసై రాలిపోతే పిన్ బయటికి వచ్చేస్తుంది. అప్పుడు కారుకు బ్రేక్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే లెక్క.

మాన్యువల్ గేర్ కారైతే క్లచ్ పెడల్ పైభాగంలో ఉన్న స్విచ్‌కూ ఇదే పరీక్ష. కింద ఉండే స్విచ్ స్టార్టర్‌ది, దాన్ని దీనితో కలపకండి.

క్రూయిజ్ పట్టాలని బ్రేక్ స్విచ్ వైర్లను నేరుగా కలిపేసే వాళ్లున్నారు. దయచేసి ఒప్పుకోకండి. రెండో కాంటాక్ట్‌ను అలా కలిపితే, బ్రేక్ తొక్కిన సంగతి ఈసీయూకు తెలిసే రెండు దారుల్లో ఒకటి మూసుకుపోతుంది. ఆ తర్వాత లైట్ కాంటాక్ట్ కూడా మొరాయిస్తే, మీరు బ్రేక్ తొక్కుతున్నా ఇంజిన్ వేగాన్ని పట్టుకునే ఉంటుంది. జాతీయ రహదారి మీద వెనక లారీ ఉండగా అది ప్రాణాల మీదికి తెస్తుంది.

లైట్లు వేస్తేనే వదిలేస్తుంటే

చాలా కార్లలో వెనక ఒకే బల్బులో రెండు తీగలుంటాయి: 5 వాట్లది పార్కింగ్‌కు, 21 వాట్లది బ్రేక్‌కు. అక్కడ ఒక తీగ బల్బు బలవంతంగా దూర్చినా, నాసిరకం ఎల్‌ఈడీ పెట్టినా, హోల్డర్ ఎర్త్ పోయినా పార్కింగ్ కరెంటు బ్రేక్ లైన్‌లోకి ఎదురెక్కుతుంది. ఈసీయూ అది చూసి బ్రేక్ నొక్కారనుకుంటుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. చీకట్లో పార్కింగ్ లైట్లు మాత్రం వేసి, వెనక అద్దంలో ఉండే మూడో బ్రేక్ లైట్ చూడండి. దానికి పార్కింగ్ కనెక్షన్ ఉండదు. కాబట్టి బ్రేక్ తొక్కకుండా అది మసగ్గానైనా వెలిగిందంటే ఎదురు కరెంటు వస్తున్నట్టే. వెనక బల్బులు ఒక్కొక్కటే తీస్తూ పోండి. ఏది తీస్తే ఆరిపోతుందో తప్పు అక్కడే. కొన్ని పాత కార్లలో క్రూయిజ్ మాడ్యూల్ బ్రేక్ బల్బు తీగ ద్వారానే ఎర్త్ వెతుక్కుంటుంది. వాటిలో అన్ని బ్రేక్ బల్బులూ ఎల్‌ఈడీకి మారిస్తే క్రూయిజ్ పోతుంది. పాత బల్బు ఒకటి తిరిగి పెట్టి చూస్తే తేలిపోతుంది.

రివర్స్ కెమెరా వైరును కూడా ఇక్కడే కలుపుతారు. అది రివర్స్ లైట్ వైరుకే కలిపారా, పొరపాటున బ్రేక్ వైరుకు కలిపారా అన్నది డిక్కీ లైనింగ్ విప్పి కళ్లతో చూడండి.

స్టీరింగ్ విప్పిన కార్లు

స్టీరియో పనిలోనో, హారన్ పనిలోనో స్టీరింగ్ తీసి ఉంటే ఒక ప్రశ్న అడగండి: హారన్, స్టీరింగ్ మీది ఆడియో బటన్లు పనిచేస్తున్నాయా, ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతోందా? ఇవన్నీ ఒకే స్పైరల్ కేబుల్ గుండా వస్తాయి. దాన్ని సరిగ్గా మధ్యకు పెట్టకుండా బిగిస్తే స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పినప్పుడు లోపలి పట్టీ తెగుతుంది. క్రూయిజ్‌తో పాటు హారన్ కూడా పోతే అనుమానం దాని మీదే.

చాలా కార్లలో ప్రతి బటన్‌కూ ఒక్కో రెసిస్టెన్స్ ఉంటుంది. ఈసీయూ ఆ విలువను బట్టి ఏది నొక్కారో గుర్తుపడుతుంది. మధ్యలో అతుకు వదులై రెసిస్టెన్స్ పెరిగితే బటన్‌ను గుర్తుపట్టలేకపోవచ్చు. ఆండ్రాయిడ్ స్టీరియో వాళ్లు స్టీరింగ్ బటన్ల వైర్లలోంచి లైన్ లాగినచోట ఇది జరుగుతుంది. స్టీరియో కప్లర్ పీకి క్రూయిజ్ పట్టి చూడండి.

ఎయిర్‌బ్యాగ్‌ను ఇంట్లో విప్పకండి. పసుపు కప్లర్లు, పసుపు తొడుగు వైర్లు దానివి. వాటి మీద మీటర్ పెట్టకూడదు.

అతుకులు, ఎర్త్‌లు, వరద నీళ్లు

టేపు చుట్టిన అతుకు మన ఎండలకు జిగురు కరిగి జారిపోతుంది. సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగిన అతుకే నిలుస్తుంది. ఎర్త్‌ను కొలవాలంటే బ్రేక్ లైట్లు వెలిగించి ఉంచి, ఎర్ర ప్రోబ్ హోల్డర్ ఎర్త్ వైరుకు, నల్లది బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఆ ఎర్త్ బోల్టు విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగించాల్సిందే.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగి బాగుచేసిన విజయవాడ కార్లకు ఇది మరీ ముఖ్యం. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు కూడా తలుపు గడపల ప్లాస్టిక్, సీట్ల కింద కార్పెట్ ఎత్తించి చూడండి. కప్లర్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాలి. తినేసిన పిన్ను మార్చాలి. చక్రాల సెన్సర్ వైర్లలో చిలుము పట్టి ఏబీఎస్ లైట్ వెలిగితే క్రూయిజ్ ఆశ వదులుకుని ముందు ఏబీఎస్ సరిచేయించండి.

బ్యాటరీ తీసి పెట్టారా?

పెట్టాక ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే వ్యవస్థ) లైట్ వెలుగుతుంటే ఇంజిన్ ఆన్‌లో స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, కొంత దూరం తిన్నగా నడపండి. చాలా కార్లలో లైట్ ఆరిపోతుంది. లేదంటే స్కానర్‌తో స్టీరింగ్ యాంగిల్ సరిచేయించాలి. మీ క్రూయిజ్ ముందు కారును చూసి వేగం తగ్గించే రకమైతే, బంపర్ లేదా ముందు అద్దం విప్పి ఉంటే రాడార్, కెమెరా కాలిబ్రేషన్ సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి.

స్కానర్ పెట్టించేటప్పుడు

చవక బ్లూటూత్ రీడర్లు ఎక్కువగా ఇంజిన్ లోపాల కోడ్‌లే చూపిస్తాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కూడా చదివే స్కానర్ కావాలి. కోడ్‌లు చెరిపేసే ముందు ఫోటో తీసుకోండి. పి0571, పి0504, పి0703 వస్తే బ్రేక్ స్విచ్ సర్క్యూట్. పి0704 అయితే క్లచ్ స్విచ్. పి0564 క్రూయిజ్ బటన్ల వైపు చూపిస్తుంది. కోడ్ వచ్చిందంటే ఆ భాగం పాడైందని కాదు, ఆ దారిలో ఎక్కడో తేడా ఉందని.

సరిచేశాక పొద్దున్నే ఖాళీగా ఉన్న రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంలో సెట్ చేయండి. బ్రేక్‌ను కాలితో తాకీతాకనట్టు నొక్కగానే వదిలేయాలి. రెజ్యూమ్ నొక్కితే మళ్లీ పట్టాలి. తర్వాత క్లచ్, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్ ఒక్కొక్కటిగా వేసి చూడండి. బ్రేక్, క్లచ్ తప్ప మరి దేనికీ అది వదలకూడదు. ఎక్కడెక్కడ వైరు కోసి అతికారో మెకానిక్ చేతే బిల్లు వెనక రాయించుకుంటే, మరోసారి వెతకాల్సి వచ్చినప్పుడు డ్యాష్‌బోర్డ్ అంతా విప్పాల్సిన పని ఉండదు.