సింగిల్ సైన్-ఆన్‌ను తప్పనిసరి చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

గత నెలలో హైదరాబాద్‌లోని ఒక మధ్యతరహా సాఫ్ట్‌వేర్ సంస్థ తన ఉద్యోగుల క్లౌడ్ ఖాతాలన్నిటినీ ఒకే లాగిన్ కిందికి తెచ్చింది; దీన్నే సింగిల్ సైన్-ఆన్ అంటారు. శుక్రవారం సాయంత్రం అడ్మిన్ తన ఖాతాతో ఒకసారి లాగిన్ అయి చూసి, అంతా సవ్యంగా ఉందని నమ్మి, ‘అందరికీ తప్పనిసరి’ అన్న సెట్టింగ్‌ను ఆన్ చేసి ఇంటికి వెళ్లారు. సోమవారం ఉదయానికి మెయిల్ తెరుచుకోలేదు, కోడ్ తెరుచుకోలేదు, జీతాల పోర్టల్ తెరుచుకోలేదు. సరిచేయవలసిన అడ్మిన్ కూడా అదే లాగిన్ గుండా వెళ్లవలసినవారే కనుక ఆయనా బయటే ఉండిపోయారు. సర్వీసు ఇచ్చే కంపెనీకి ఫిర్యాదు చేద్దామంటే ఫిర్యాదుల పోర్టల్‌కూ అదే లాగిన్. ఆ డొమైన్ తమదేనని రుజువు చేసుకోమంటూ వారు పంపిన మెయిల్ వెళ్లి తెరుచుకోని ఇన్‌బాక్స్‌లోనే పడింది. నిజానికి అమరికలో తప్పు శుక్రవారమే ఉంది. అడ్మిన్ పరీక్షించిన బ్రౌజర్‌లో పాత సెషన్ (అంతకుముందు చేసిన లాగిన్) ఇంకా బతికే ఉన్నందువల్ల అది ఆ రోజు బయటపడలేదు.

మార్చి ఆడిట్లు దగ్గరపడుతున్నకొద్దీ చాలా సంస్థలు ఈ పనిని హడావిడిగా ముగించాలని చూస్తాయి కనుక ఇప్పుడే ఇది రాస్తున్నాను. పాస్‌వర్డ్ బలంగా ఉండాలని, రెండో ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే ఓటీపీ వంటి రుజువు) పెట్టుకోవాలని మళ్లీ చెప్పడం లేదు. అవి ఈ పని చేసేవారందరికీ తెలిసినవే.

సంస్థలను ముంచే తప్పు

నేను చూసినంతలో సంస్థలను నిజంగా కుంగదీసిన తప్పు ఒక్కటే: సింగిల్ సైన్-ఆన్‌కు బయట ఒక అడ్మిన్ ఖాతాను మిగుల్చుకోకుండా, దానితో ఒకసారి లోపలికి వెళ్లి చూడకుండా, దాన్ని అందరికీ తప్పనిసరి చేయడం. ఇంటి తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూడాలి. సింగిల్ సైన్-ఆన్ ఎక్కువగా రెండు ప్రమాణాల మీద నడుస్తుంది: ఎస్‌ఏఎంఎల్ 2.0 2005లో, ఓపెన్ఐడీ కనెక్ట్ 2014లో వచ్చాయి. రెండింటిలోనూ మూలసూత్రం ఒకటే. మెయిల్, గిట్‌హబ్ (కోడ్ దాచుకునే చోటు), ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వంటి సేవలు పాస్‌వర్డ్ అడగడం మానేసి, ‘ఈ మనిషి ఫలానా’ అని ఐడెంటిటీ ప్రొవైడర్ (ఉద్యోగుల లాగిన్‌ను ఒక్కచోట చూసుకునే సేవ) డిజిటల్ సంతకం చేసి ఇచ్చిన మాటను నమ్ముతాయి. భద్రతకు ఇది చాలా మంచి పద్ధతి. ఉద్యోగి వెళ్లిపోయిన రోజు ఒక్కచోట ఖాతా మూస్తే కొత్త లాగిన్లన్నీ ఆగిపోతాయి. కానీ ఆ సంతకం ఏ కారణం చేతనైనా ఆగిపోతే అన్ని తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి. ఆ సంతకానికి వాడే సర్టిఫికెట్ గడువు తీరడం, ఎవరో లాగిన్‌ను అడ్డుకునే ఒక పాలసీలో ‘అందరు వినియోగదారులు’ అని ఎంచుకోవడం, ప్రొవైడరే కొన్ని గంటలు పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా చాలు.

ప్రొవైడర్ పడిపోదని ఎవరూ అనుకోవద్దు. 2018 నవంబరు 19న మైక్రోసాఫ్ట్ రెండో ధ్రువీకరణ సేవ సుమారు 14 గంటలు దెబ్బతిని, అది తప్పనిసరిగా ఉన్నవారు చాలామంది లోపలికి వెళ్లలేకపోయారు. 2021 మార్చి 15న అదే సంస్థలో, ఉంచవలసిన ఒక సంతకపు కీని ఆటోమేటిక్ ప్రక్రియ తొలగించడంతో లాగిన్లు ప్రపంచమంతటా ఆగాయి. ఆ ఏడాదే అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయినప్పుడు, దాన్ని బాగుచేయవలసిన ఇంజినీర్ల అంతర్గత సాధనాలు కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉండటంతో అవీ పనిచేయలేదు. అంత పెద్ద సంస్థలకే జరిగినది మనకు జరగదనడానికి ఏ ఆధారమూ లేదు.

కనుక మొదటి జాగ్రత్త, చివరి జాగ్రత్త కూడా ఇదే: బయట ఒక ఖాతా ఉండాలి, అది పనిచేస్తున్నట్టు మీరు కళ్లారా చూసి ఉండాలి.

ఆ అత్యవసర ఖాతా ఎలా ఉండాలి

మైక్రోసాఫ్ట్ ఐడెంటిటీ ప్రొవైడర్ అయిన ఎంట్రా ఐడీ వాడేవారి సంగతి ఉదాహరణగా తీసుకుంటాను. మిగిలిన ప్రొవైడర్లలో పేర్లు మారినా తర్కం మారదు. ఇలాంటి ఖాతాలు కనీసం రెండు ఉండాలని మైక్రోసాఫ్టే చెబుతోంది. అవి సంస్థ సొంత డొమైన్ మీద కాకుండా, ఎంట్రా ఇచ్చే ‘ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్’ పేరు మీద ఉండాలి. ఎందుకంటే సంస్థ డొమైన్‌ను మరో ప్రొవైడర్‌కు అప్పగించినప్పుడు ఆ డొమైన్‌లోని ప్రతి లాగిన్ అక్కడికే మళ్లుతుంది, అక్కడ చెడితే ఇక్కడికి దారి ఉండదు. ఆన్‌మైక్రోసాఫ్ట్ పేరుకు ఆ మళ్లింపు వర్తించదు. ఆఫీసు సర్వర్ నుంచి సింక్ అయ్యే ఖాతాను ఇందుకు వాడకూడదు. గ్లోబల్ అడ్మిన్ హక్కు (అన్ని సెట్టింగులూ మార్చగల అత్యున్నత హక్కు) ఆ ఖాతాలకు శాశ్వతంగా ఉండాలి. ఇంకొకరి ఆమోదంతో వచ్చే తాత్కాలిక హక్కు అయితే, ఆమోదించవలసినవారు కూడా బయటే చిక్కుకుపోయి ఉంటారు.

రెండో ధ్రువీకరణ విషయంలో పాత సలహాలను నమ్మకండి. అత్యవసర ఖాతాకు పాస్‌వర్డ్ ఒక్కటే చాలని ఒకప్పుడు చెప్పేవారు. 2024 అక్టోబరు నుంచి అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) పోర్టల్, ఎంట్రా అడ్మిన్ సెంటర్ లాగిన్లకు రెండో ధ్రువీకరణను మైక్రోసాఫ్ట్ దశలవారీగా తప్పనిసరి చేసింది, అత్యవసర ఖాతాలకు మినహాయింపు ఇవ్వలేదు. పాత అమరికను అలాగే వదిలేసినవారికి అవసరం పడిన రోజున ఆ ఖాతా అక్కరకు రాదు. దీనికి ఫోన్‌కు వచ్చే ఓటీపీ పెట్టకండి. ఆ ఫోన్ ఒక మనిషిది, ఆ మనిషి సెలవులో ఉండవచ్చు, ఉద్యోగం మానేసి ఉండవచ్చు. ఫిడో సెక్యూరిటీ కీలు (కంప్యూటర్‌కు తగిలించి లాగిన్‌ను ధ్రువీకరించే చిన్న పరికరాలు) కొని ఒక్కో ఖాతాకు రెండేసి నమోదు చేయించి, వాటిని రెండు వేర్వేరు చోట్ల బీరువాలో పెట్టి తాళం వేయండి. కీకి పిన్ ఉంటుంది. ఆ పిన్ ఒక్కరికే తెలిసి ఉండకూడదు.

లాగిన్‌కు షరతులు పెట్టి అడ్డుకోగల కండిషనల్ యాక్సెస్ పాలసీల నుంచి ఈ ఖాతాలను మినహాయించండి. కంపెనీ లాప్‌టాప్ నుంచే రావాలి, ఫలానా దేశం నుంచే రావాలి అనే షరతులు వీటికి వర్తిస్తే వీటిని పెట్టుకొని ప్రయోజనం లేదు. మినహాయింపు ఇచ్చారు కనుక నిఘా పెంచాలి: ఈ ఖాతాతో ఎవరు లాగిన్ అయినా ఆ క్షణంలోనే కనీసం ఇద్దరికి హెచ్చరిక వెళ్లాలి.

ఇక్కడితో పని అయిపోయిందని చాలామంది ఆగిపోతారు. ఖాతా తెరవడం వేరు, ఆ ఖాతాతో లోపలికి వెళ్లడం వేరు. కీని బీరువాలోంచి తీసి, ఎప్పుడూ వాడని కంప్యూటర్‌లో పెట్టి, లాగిన్ అయి, ఒక చిన్న సెట్టింగ్ మార్చి, మళ్లీ యథాస్థితికి తెచ్చి చూడండి. ఆ పరీక్ష కనీసం 90 రోజులకొకసారి జరగాలి. ఐటీ విభాగంలో ఎవరైనా చేరినా, వెళ్లిపోయినా గడువు కోసం ఆగకుండా జరగాలి.

సర్టిఫికెట్, గడియారం, పేరు

ఎంట్రాలో ఎస్‌ఏఎంఎల్ సంతకపు సర్టిఫికెట్ గడువు మామూలుగా మూడేళ్లు. గడువు దగ్గరపడినప్పుడు వచ్చే హెచ్చరిక, అమర్చిన రోజున ఇచ్చిన మెయిల్‌కే వెళ్తుంది. మూడేళ్ల తర్వాత ఆ మనిషి ఆ కుర్చీలో ఉంటారన్న నమ్మకం లేదు. అందుకే ఒక ఉమ్మడి మెయిల్ పెట్టి, గడువు తేదీని ఇద్దరి క్యాలెండర్లలో రాసుకోవాలి.

ప్రొవైడర్ ఇచ్చే ప్రతి సంతకం కొద్దిసేపే చెల్లుతుంది. దాన్ని స్వీకరించే సర్వర్ గడియారం కాస్త వెనుకబడినా సరైన మనిషినే ‘చెల్లదు’ అని వెనక్కి పంపుతుంది, తప్పు ఎక్కడుందో తెలియక అందరూ పాస్‌వర్డులు మారుస్తూ కూర్చుంటారు. సర్వర్ల గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలిపి ఉంచాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని సెర్ట్-ఇన్ (భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో చెప్పింది. ఆ ఆదేశాన్ని ఆడిట్ కోసం మాత్రమే పాటించేవారికి ఈ లాగిన్ చిక్కు కూడా దానితోనే తీరుతుందని తెలియదు.

ఉద్యోగిని గుర్తించడానికి మెయిల్ చిరునామాను వాడటం మరో చిక్కు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఉద్యోగినికి కొత్త మెయిల్ ఇస్తే, అవతలి సేవ ఆమెను కొత్త మనిషిగా భావించి ఖాళీ ఖాతా తెరుస్తుంది. అంతకంటే ప్రమాదకరమైనది, మానేసిన ఉద్యోగి మెయిల్‌ను అదే పేరున్న కొత్త ఉద్యోగికి ఇవ్వడం. పాత ఫైళ్లన్నీ ఆ కొత్త మనిషి చేతికి వస్తాయి. ఎన్నటికీ మారని ఐడీని గుర్తింపుగా పెట్టండి. ఈ నిర్ణయం మొదటి రోజే జరగాలి, తర్వాత మార్చడం నరకం.

ఇక మిగిలినవి ఒక వరుసలో రాస్తున్నాను.

- శుక్రవారం సాయంత్రం ఆన్ చేయకండి. పండగ ముందు రోజు అసలే వద్దు.

- పని జరుగుతున్నంతసేపూ ఒక బ్రౌజర్‌లో అడ్మిన్ సెషన్‌ను తెరిచే ఉంచి, పరీక్షను వేరే కంప్యూటర్‌లో, ఇన్‌కాగ్నిటో విండోలో చేయండి. పాత సెషన్ ఉన్నచోట నెగ్గిన పరీక్ష పరీక్ష కాదు.

- పాలసీని ముందుగా రిపోర్ట్-ఓన్లీలో (ఎవరినీ ఆపకుండా నమోదు మాత్రమే చేసే స్థితిలో) ఉంచి, ఎవరెవరు ఆగిపోయేవారో లాగ్‌లో చూసి, ఆ తర్వాత ఐదుగురికి, ఆపైన ఒక విభాగానికి, చివరగా అందరికీ పెట్టండి.

- అత్యవసర ఖాతా పాస్‌వర్డ్‌ను సింగిల్ సైన్-ఆన్‌తో తెరుచుకునే పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టకండి. మొదట చెప్పిన తప్పే ఇది.

- అత్యవసర సూచనలను కంపెనీ వికీలో మాత్రమే ఉంచడం కూడా అదే తప్పు. కాగితం మీద ముద్రించి, ఫోన్ నంబర్లతో సహా కీ పక్కనే పెట్టండి.

- వీపీఎన్‌లోంచి (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌కు చేరే దారి) మాత్రమే తెరుచుకునే అడ్మిన్ పేజీ, సింగిల్ సైన్-ఆన్‌తో మాత్రమే తెరుచుకునే వీపీఎన్, ఈ రెండూ కలిస్తే మళ్లీ అదే తప్పు.

- ఏడబ్ల్యూఎస్ రూట్ ఖాతా (అన్ని హక్కులూ ఉన్న మూల ఖాతా) పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ ఎక్కడికి వెళ్తుందో ఈరోజే చూడండి. డొమైన్ రిజిస్ట్రార్ (మీ డొమైన్ పేరును నమోదు చేసిన సంస్థ) ఖాతా సంగతీ చూడండి. రెండూ మీ ఇన్‌బాక్స్‌నే నమ్ముకొని ఉంటే ఇన్‌బాక్స్‌తో పాటే అవీ పోతాయి.

- గిట్‌హబ్‌లో ఎస్‌ఏఎంఎల్ పెట్టినప్పుడు ఇచ్చే రికవరీ కోడ్‌లను దించుకొని బయట భద్రపరచండి. తప్పనిసరి చేసిన క్షణాన, అప్పటికి లింక్ చేసుకోని సభ్యులను అది ఆర్గనైజేషన్ నుంచి తొలగిస్తుంది; ముందే అందరిచేతా లింక్ చేయించండి.

- రాత్రిపూట నడిచే స్క్రిప్టులు, బ్యాకప్‌లు, స్కానర్ నుంచి మెయిల్ పంపే ప్రింటర్, వీటికి లాగిన్ పేజీ చూసి కీ నొక్కే చేతులు లేవు. వాటి జాబితా రాయకుండా ముందుకు వెళ్లకండి.

- ఉద్యోగి ఖాతా మూసినంత మాత్రాన బతికున్న సెషన్లు, ఏపీఐ టోకెన్లు (ప్రోగ్రాములు పాస్‌వర్డ్‌కు బదులు వాడే కీలు) చావవు. వాటిని విడిగా రద్దు చేయండి.

- బయట ఉండిపోయానని ఫోన్‌లో ఎవరు మొరపెట్టుకున్నా హెల్ప్‌డెస్క్ వారు రెండో ధ్రువీకరణను రీసెట్ చేయకూడదు. సూపర్ అడ్మిన్లమంటూ హెల్ప్‌డెస్క్‌లకు ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారని 2023 ఆగస్టులో ఓక్టా అనే ఐడెంటిటీ ప్రొవైడర్ హెచ్చరించింది. ఎదురుగా చూసి, లేదా వీడియోలో పై అధికారి సమక్షంలో గుర్తించాకే చేయండి. డైరెక్టర్‌గారు ఫోన్ చేసినా ఇదే నియమం.

- సపోర్ట్ వారు అడిగారని బ్రౌజర్ హార్ ఫైలును (వెబ్‌సైట్‌తో బ్రౌజర్ మాట్లాడినదంతా నమోదైన ఫైలు) ఉన్నదున్నట్టు పంపకండి. అందులో సెషన్ టోకెన్లు ఉంటాయి. 2023 సెప్టెంబరు, అక్టోబరుల్లో ఓక్టా సపోర్ట్ వ్యవస్థలోకి చొరబడినవారు అలాంటి ఫైళ్లలోని టోకెన్లనే వాడుకున్నారు.

- అత్యవసర ఖాతాను రోజువారీ పనికి వాడకండి. ఒక్కసారి కూడా వద్దు.

- ఆ ఖాతాతో మీరు చివరిసారి లాగిన్ అయిన తేదీని కీ పెట్టిన కవరు మీద రాయండి. ఆ కవరు మీద తేదీ లేకపోతే తప్పనిసరి సెట్టింగ్ జోలికి వెళ్లకండి. యాజమాన్యం తొందరపెట్టినా, ఆడిటర్ వచ్చి ఎదురుగా కూర్చున్నా వెళ్లకండి.