గిట్ బాష్‌లో పాత్ తిరగబడితే

గిట్ బాష్ అంటే విండోస్‌లో యూనిక్స్ తరహా కమాండ్లు కొట్టే టెర్మినల్; పాత్ అంటే ఫైల్ లేదా ఫోల్డర్ ఉన్న చోటు. బాష్‌లో /సి/వర్క్ అనేది విండోస్ ప్రోగ్రామ్‌కి సి:\వర్క్. మామూలుగా ఈ మార్పు గిట్ బాషే చూసుకుంటుంది. అతి తెలివికి పోయినప్పుడే చిక్కు: డాకర్‌లో (ప్రోగ్రాములను విడి కంటైనర్లలో నడిపే సాధనం) వర్కింగ్ ఫోల్డర్‌గా /యాప్ ఇస్తే, దాన్ని సి:/ప్రోగ్రామ్ ఫైల్స్/గిట్/యాప్ చేసి పంపుతుంది! కమాండ్ ముందు ఎంఎస్‌వైఎస్_నో_పాత్‌కన్వ్=1 పెడితే ఊరుకుంటుంది. నేనైతే //యాప్ అని రెండు స్లాష్‌లు కొట్టి పని కానిచ్చేస్తా.

స్క్రిప్టుల్లో మాత్రం పాత్‌ని మార్చిపెట్టే సిగ్‌పాత్ కమాండ్ వాడండి. -డబ్ల్యూ ఇస్తే అచ్చం విండోస్ పాత్, -యూ ఇస్తే యూనిక్స్ పాత్. నాకు నచ్చేది -ఎం: సి:/వర్క్ అని వస్తుంది, బ్యాక్‌స్లాష్‌లను బాష్ మింగేసే గొడవుండదు. చాలా విండోస్ ప్రోగ్రాములు దీన్ని ఒప్పుకుంటాయి. ఫలితాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టండి, లేదంటే 'ప్రోగ్రామ్ ఫైల్స్' మధ్య ఖాళీ దగ్గర రెండు ముక్కలవుతుంది.

డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) సి డ్రైవ్ /ఎంఎన్‌టి/సి కింద ఉంటుంది. అక్కడ మార్పు దానంతటది జరగదు, డబ్ల్యూఎస్ఎల్‌పాత్ -డబ్ల్యూ మీరే కొట్టాలి.