నవోదయ ఆరో తరగతిలో ప్రవేశం ఎలా పొందాలి?

పల్లెల్లో చదువుకునే ప్రతిభావంతులైన పిల్లలకు, తల్లిదండ్రుల ఆర్థిక స్థితితో నిమిత్తం లేకుండా, నాణ్యమైన చదువు అందించాలని 1986 నాటి జాతీయ విద్యావిధానం సంకల్పించింది. జవహర్ నవోదయ విద్యాలయాలు ఆ సంకల్పం నుంచి వచ్చినవే. కేంద్ర విద్యాశాఖ పరిధిలో స్వయంప్రతిపత్తితో పనిచేసే నవోదయ విద్యాలయ సమితి వీటిని నడుపుతుంది. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా బాలబాలికలు విద్యాలయంలోనే ఉండి సీబీఎస్‌ఈ పాఠ్యప్రణాళికలో చదువుతారు. ఆరో తరగతిలో ఒక్కో విద్యాలయం గరిష్ఠంగా 80 మందిని మాత్రమే చేర్చుకుంటుంది కాబట్టి పోటీ తీవ్రంగానే ఉంటుంది.

ఈ ప్రవేశం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పరీక్షను గురించే ఆలోచిస్తారు. కానీ పరీక్ష ఫలితంతో వచ్చే ఎంపిక తాత్కాలికమైనది. ధ్రువపత్రాల పరిశీలన పూర్తయి, అర్హతలన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాతే సీటు ఖాయమవుతుంది. పైగా ఆరో తరగతి ప్రవేశ పరీక్షను ఏ విద్యార్థీ రెండోసారి రాయడానికి వీల్లేదు. బిడ్డ కష్టపడి నెగ్గిన సీటు పెద్దవాళ్లు చూసుకోవలసిన ఒక కాగితం వల్ల చేజారకూడదు. అందుకే అర్హత విషయాన్ని ఇక్కడ కొంత వివరంగా చెప్పవలసి వస్తోంది.

మొదట చేయవలసిన పని: అర్హతను సరిచూసుకోవడం

విద్యార్థి దరఖాస్తు చేసే సంవత్సరంలో ప్రభుత్వ, ఎయిడెడ్ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన పాఠశాలలో ఐదో తరగతి చదువుతూ ఉండాలి. ఐదో తరగతి ముందే పూర్తిచేసి, ఒక ఏడాది ఆగి దరఖాస్తు చేయడం కుదరదు. వయసు హద్దును ప్రతి ఏటా ప్రకటనలో తేదీలతో సహా ఇస్తారు. ఉదాహరణకు 2026-27 ప్రవేశానికి 2014 మే 1 నుంచి 2016 జులై 31 లోపు పుట్టినవారే అర్హులు. ఈ హద్దుకు ఏ వర్గం వారికీ సడలింపు లేదు. బడి రికార్డులోని పుట్టినతేదీ, జనన ధ్రువపత్రంలోని తేదీ, ఆధార్‌లోని తేదీ ఒకటిగా ఉన్నాయో లేదో నాలుగో తరగతిలోనే చూసుకుని, తేడా ఉంటే సరిచేయించుకోవడం మంచిది. నోటిఫికేషన్ వచ్చాక ఈ పని మొదలుపెడితే గడువు చాలకపోవచ్చు.

తరువాతిది జిల్లా. విద్యార్థి నివాసం, ఐదో తరగతి చదువుతున్న బడి, ప్రవేశం కోరే నవోదయ మూడూ ఒకే జిల్లాకు చెందినవై ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో ఇక్కడే ఒక సందేహం తలెత్తుతుంది. తెలంగాణలో ఇప్పుడు 33 జిల్లాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. నవోదయలు మాత్రం ఎక్కువగా పాత జిల్లాల లెక్కన ఏర్పడినవి. కొత్తగా ఏర్పడిన జిల్లాలో నవోదయ ఇంకా ప్రారంభం కాకపోతే, ఆరో తరగతి ప్రవేశానికి పాత జిల్లా సరిహద్దులనే పరిగణిస్తారు. అంటే మీ కొత్త జిల్లా పేరుతో విద్యాలయం లేనంత మాత్రాన నిరాశ పడనవసరం లేదు. అయితే 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దేశంలో 28 కొత్త నవోదయలను ఆమోదించింది. వాటిలో 7 తెలంగాణకు వచ్చాయి. కాబట్టి నిరుడు అన్నకో అక్కకో వర్తించిన జిల్లా ఈ ఏడాది తమ్ముడికి వర్తించకపోవచ్చు. దరఖాస్తుకు ముందు ఆ ఏటి ప్రకటనలో జిల్లాల జాబితాను స్వయంగా చూడండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది గ్రామీణ కోటా. జిల్లాలోని సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు దక్కుతాయి. మిగిలినవి పట్టణ, గ్రామీణ విద్యార్థులందరికీ కలిపి ప్రతిభ ఆధారంగా ఇస్తారు. ఇల్లు పల్లెలో ఉంటే గ్రామీణ విద్యార్థి అవుతాడని అనుకోకూడదు. మూడు, నాలుగు, ఐదు తరగతులను పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన పాఠశాలలో చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ ప్రాంతపు బడిలో చదివినా ఆ విద్యార్థిని పట్టణ విద్యార్థిగానే లెక్కిస్తారు. ఊళ్లో ఉంటూ పక్కనున్న మున్సిపాలిటీలోని ప్రైవేటు బడికి బస్సులో వెళ్లే పిల్లవాడు నవోదయ లెక్కలో పట్టణ విద్యార్థే. ప్రభుత్వం పట్టణ ప్రాంతమని నోటిఫై చేసినవి పట్టణాలు, తక్కినవన్నీ గ్రామీణ ప్రాంతాలు. ఊరు మున్సిపాలిటీలోనో నగర పంచాయతీలోనో కలిసి ఉంటే బడి ఏ పరిధిలోకి వస్తుందో ప్రధానోపాధ్యాయుణ్ని అడిగి తెలుసుకున్నాకే దరఖాస్తులో ఆ గడి నింపాలి.

ఎస్సీ, ఎస్టీలకు జిల్లా జనాభాలో వారి నిష్పత్తిని బట్టి సీట్లు కేటాయిస్తారు. అది జాతీయ స్థాయి కోటాకు, అంటే ఎస్సీలకు 15 శాతానికి, ఎస్టీలకు 7.5 శాతానికి తగ్గదు. ఓబీసీలకు 27 శాతం ఉంది గాని అది కేంద్ర జాబితా ప్రకారం మాత్రమే. రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాల వారు జనరల్ అభ్యర్థులుగానే దరఖాస్తు చేయాలి. మొత్తం సీట్లలో కనీసం మూడో వంతు బాలికలవి. దివ్యాంగులకూ నిబంధనల ప్రకారం రిజర్వేషన్ ఉంది.

దరఖాస్తు

దరఖాస్తును నవోదయ విద్యాలయ సమితి వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లోనే చేయాలి. దీనికి రుసుము లేదు. ఇంటర్నెట్ సెంటరులో నింపిస్తే వారు తీసుకునేది వారి సేవకే గాని పరీక్షకు కాదు. వెబ్‌సైటులో ఉన్న ధ్రువపత్రం నమూనాను ముందుగా ప్రింటు తీసి, వివరాలు నింపి, ఐదో తరగతి చదువుతున్న బడి ప్రధానోపాధ్యాయుడి సంతకం, ముద్ర వేయించాలి. విద్యార్థి ఫొటో, విద్యార్థి సంతకం, తండ్రి లేదా తల్లి సంతకం స్కాన్ చేసి ఉంచుకోవాలి. వాటితో పాటు ఆధార్ వివరాలు గాని నివాస ధ్రువపత్రం గాని కావాలి.

పరీక్ష ఏ భాషలో రాయాలో దరఖాస్తులోనే ఎంచుకోవాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ నిర్ణయం తొందరపడి తీసుకోకూడదు. బిడ్డ ఏ భాషలో గబగబా చదివి అర్థం చేసుకోగలడో ఆ భాషే సరైనది. ఒక పేరాను తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ చదివించి చూస్తే మీకే తెలిసిపోతుంది. గడువు ముగిశాక కొన్ని వివరాలను సవరించుకోవడానికి స్వల్ప వ్యవధి ఇస్తారు గాని, దాన్ని నమ్ముకుని అజాగ్రత్తగా నింపవద్దు.

పరీక్ష

పరీక్ష తేదీ ఏటా ఒకేలా ఉండదు. 2025-26 ప్రవేశానికి తెలుగు రాష్ట్రాల్లో 2025 జనవరి 18న పరీక్ష జరిగింది. 2026-27 ప్రవేశానికి అది 2025 డిసెంబరు 13కే వచ్చింది. జనవరి అనుకుని సన్నద్ధత సాగదీస్తే నష్టపోయేది విద్యార్థే.

వ్యవధి రెండు గంటలు, ప్రశ్నలు 80, మార్కులు 100. వీటిలో సగం మేధాశక్తి పరీక్షవి: 40 ప్రశ్నలు, 50 మార్కులు. గణితానికి 20 ప్రశ్నలు, 25 మార్కులు, భాషకూ అంతే. ప్రతి విభాగంలోనూ విడిగా అర్హత సాధించాలి కాబట్టి ఒకదానిలో వచ్చే మార్కులతో మరోదాన్ని వదిలేయడం కుదరదు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలనవసరం లేదు.

మేధాశక్తి విభాగంలో అన్నీ బొమ్మలే. జట్టులో కలవని బొమ్మను గుర్తించడం, అసంపూర్ణ చిత్రాన్ని పూర్తిచేయడం, అద్దంలో ప్రతిబింబం, మడిచి రంధ్రం చేసిన కాగితాన్ని విప్పితే ఎలా ఉంటుందో ఊహించడం, ఒక బొమ్మలో దాగిన మరో బొమ్మను కనిపెట్టడం వంటివి అడుగుతారు. ఇవి బడి పాఠాల్లో ఉండవు. అందుకే బాగా చదివే పిల్లలు కూడా వీటిని మొదటిసారి చూసినప్పుడు తడబడతారు. నిజమైన కాగితాన్ని మడిచి, కత్తిరించి, విప్పి చూపించడం ఏ గైడు కన్నా బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం. గణితంలో భిన్నాలు, దశాంశాలు, క.సా.గు., గ.సా.భా., శాతాలు, లాభనష్టాలు, చుట్టుకొలత, వైశాల్యం వస్తాయి. భాషా విభాగంలో గద్యభాగాలు చదివి వాటి కింది ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. రోజూ కథలో వార్తో ఏదో ఒకటి చదివే అలవాటున్న బిడ్డకు ఇది కష్టం కాదు.

జవాబులను ఓఎంఆర్ పత్రంలో, అంటే వృత్తాలు నింపితే యంత్రం చదివే జవాబు పత్రంలో, నీలం లేదా నలుపు బాల్‌పాయింట్ పెన్నుతో గుర్తించాలి. ఒకసారి నింపిన వృత్తాన్ని చెరిపి మార్చడానికి వీల్లేదు. పదేళ్ల పిల్లలు ఇలాంటి పత్రాన్ని అంతకు ముందు చూసి ఉండకపోవచ్చు. ఇంట్లో కొన్నిసార్లు గడియారం పెట్టి సాధన చేయించండి.

ఎంపికైన తరువాత

ఫలితాల తరువాత పుట్టినతేదీ ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం, మూడు నుంచి ఐదు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు, గ్రామీణ కోటా అయితే దానికి సంబంధించిన పత్రం, కుల ధ్రువపత్రం, టీసీ, వైద్య ధ్రువపత్రం విద్యాలయంలో సమర్పించాలి. మొదటి జాబితాలోని వారు చేరకపోతే ఆ ఖాళీలను నిరీక్షణ జాబితా నుంచి నింపుతారు. కనుక మొదటి జాబితాలో పేరు లేకున్నా ఫోన్ నంబరు మార్చకుండా, పత్రాలు సిద్ధంగా ఉంచుకోండి.

చదువు, వసతి, భోజనం, యూనిఫాం, పాఠ్యపుస్తకాలు ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి మాత్రం విద్యాలయ వికాస నిధి కింద నెలకు 600 రూపాయలు కట్టాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, బాలికలకు, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల పిల్లలకు ఇది లేదు. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మొత్తం ఎక్కువగా ఉంటుంది. తొమ్మిదో తరగతిలో 30 శాతం విద్యార్థులు ఒక విద్యా సంవత్సరం పాటు హిందీ ప్రాంతపు నవోదయకు వెళ్లి చదవాలి, అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. ఈ సంగతి చేరే ముందే బిడ్డతో మాట్లాడండి. పిల్లలు దీనికి భయపడేది ముందుగా తెలియనప్పుడే.

ఆరో తరగతిలో సీటు రానివారికి తొమ్మిదో తరగతిలో మరో అవకాశం ఉంది. అప్పటికి ఏర్పడే ఖాళీలకు ఎనిమిదో తరగతి చదువుతుండగా దరఖాస్తు చేయాలి. ఆ పరీక్ష రెండున్నర గంటలు. గణితానికి 35, సైన్సుకు 35, ఇంగ్లిష్‌కు 15, హిందీకి 15 మార్కులు.