లక్నవరం, రామప్ప, పాకాల: అడవి చెరువులకు వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

వరంగల్‌కు తూర్పున గోదావరి వైపు సాగే అడవుల్లో ఉన్న లక్నవరం, రామప్ప, పాకాల చెరువులకు విహారానికి వెళ్లేవారు అన్నిటికంటే ముందు గ్రహించవలసింది ఒకటుంది. ఇవి విహారం కోసం వెలసినవి కావు. కాకతీయుల కాలంలో, గుట్టల నడుమ పారే వాగులకు అడ్డంగా మట్టికట్టలు పోసి, దిగువ పొలాలకు నీరు పారించడానికి నిర్మించిన సేద్యపు చెరువులు. సుమారు 800 ఏళ్లు గడిచినా నేటికీ వాటి కింద ఆయకట్టు పండుతూనే ఉంది. అందువల్ల ఏ నెలలో వెళ్తే నిండు నీరు కనబడుతుంది, పడవ ఎప్పుడు ఆపుతారు, ఏ చోట నిలబడవచ్చు, ఏ చోటికి పిల్లలను పోనివ్వకూడదు అన్నవన్నీ కట్ట, తూము, మత్తడి అనే మూడింటిని బట్టే తేలుతాయి.

కట్ట మీద నడవడానికి అభ్యంతరం ఉండదు. అయితే లోపలి వాలున పేర్చిన రాళ్ల మీదుగా నీటి అంచు దాకా దిగడం మంచిది కాదు. నీరు తగ్గినప్పుడు బయటపడే ఆ రాళ్లకు పాకుడు పట్టి ఉంటుంది, పైకి ఎండినట్టు కనబడినా కాలు పెడితే జారుతుంది. తూము అంటే పొలాలకు నీరు వదిలే ద్వారం. అది తెరిచి ఉన్నప్పుడు పైన నీరు కదలనట్టే ఉంటుంది గాని, అడుగున బలంగా లోపలికి లాగుతూ ఉంటుంది. ఈత బాగా వచ్చినవారు కూడా తూము చుట్టుపక్కల నీటిలోకి దిగకూడదు. ఇక చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు మత్తడి. మత్తడి దుంకుతుంటే చూడటానికి ఊళ్ల నుంచి జనం తరలివస్తారు. ఆ దృశ్యాన్ని గట్టు మీద నుంచి చూడాలే తప్ప, మోకాలి లోతు నీరే కదా అని మత్తడి రాళ్ల మీద నడిచి దాటకూడదు. ఫోటో కోసం మత్తడి నడుమ నిలబడటం అన్నిటికన్నా ప్రమాదకరం.

కాలం విషయానికి వస్తే, సెప్టెంబరు చివరి నుంచి జనవరి వరకు ఈ చెరువులను చూడటానికి అనువైన సమయమని నా అభిప్రాయం. అప్పటికి వానలు తగ్గుముఖం పడతాయి, చెరువులు నిండి ఉంటాయి, అడవి ఇంకా పచ్చగా ఉంటుంది. యాసంగి పంటకు నీరు వదిలాక మట్టం క్రమంగా పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే చాలా చోట్ల పగుళ్లు వారిన శిఖం భూమే, అంటే నీరు తీసిన చెరువు అడుగు నేలే ఎదురవుతుంది. జులై, ఆగస్టు నెలల్లో జలపాతాలు, మత్తడులు చూడాలన్న ఉబలాటం సహజమే కాని, ఈ ప్రాంతపు వానను తక్కువగా అంచనా వేయరాదు. 2023 జులై చివరి వారంలో, రామప్పకు దగ్గరలోని వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల వ్యవధిలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. ఆ వరదకే జంపన్న వాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిలో ప్రాణనష్టం జరిగింది. ఆ మరుసటి ఏడాది, 2024 ఆగస్టు 31న, తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వీచిన పెనుగాలికి వేలాది చెట్లు నేలకూలాయి. కాబట్టి వానాకాలంలో వాతావరణ శాఖ ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజున ప్రయాణం మానుకోవాలి. దారిలో వాగు రోడ్డెక్కి పారుతుంటే, ముందు పోయిన లారీ దాటిందన్న ధైర్యంతో కారు దించకూడదు. లారీ బరువు వేరు, కారు బరువు వేరు.

మూడు చెరువుల్లో ఏది ఎవరికి తగినదో కూడా ముందే ఆలోచించుకోవాలి. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం పిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారికి అన్ని విధాలా అనుకూలం. వేలాడే వంతెనలు, దీవుల మీద బస, పర్యాటక శాఖ పడవలు అక్కడ ఉన్నాయి. సెలవు రోజుల్లో జనం విపరీతంగా ఉంటారు గనుక, వీలైతే మామూలు పనిదినాన వెళ్లాలి. గదిని ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. రామప్ప చెరువుకు వెళ్లేవారు జాతీయ రహదారి మీద ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమకు తిరగాలి. పాలంపేటలో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప ఆలయాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడిని మాత్రమే చూసి వెనుదిరిగేవారే ఎక్కువ. చెరువు అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది, సాయంత్రపు వెలుగులో కట్ట మీద ఒక గంట గడపకుండా రావడం న్యాయం కాదు. గుడినీ చెరువునీ ఒకే ఊపిరిలో తలచి కట్టినవారు కాకతీయులు. పాకాల దారి వేరు. వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా వెళ్లాలి. అది అభయారణ్యం నడుమ ఉన్న చెరువు, మున్నేరుకు పుట్టినిల్లు. హంగులు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. పక్షుల కోసం, అడవి కోసం వెళ్లేవారికి నేను మొదట చెప్పేది పాకాలే.

పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ పేరుకు వేసుకుంటే చాలదు. అన్ని బకిళ్లూ పెట్టుకుని, పట్టీలు బిగించుకున్నాక, పక్కనున్నవారిని భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగి చూడమనాలి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది వదులుగా ఉన్నట్టే. నీటిలో పడితే మనిషి కిందికి జారి, జాకెట్ పైకి తేలుతుంది. పిల్లలకు పెద్దల జాకెట్ వేయనివ్వకూడదు. వారి కొలతకు తగినది లేకపోతే ఆ పూటకు పడవ మానుకోవాలి. పడవలో లేచి నిలబడటం, అందరూ ఒకే పక్కకు ఒరిగి ఫోటోలు తీయడం తగదు. గాలి లేచినందువల్ల పడవలు ఆపామని సిబ్బంది చెబితే వాదించకుండా ఒడ్డున కూర్చోవాలి, ఎందుకంటే గుట్టల సందుల్లోంచి వచ్చే గాలి ఈ చెరువుల మీద ఉన్నట్టుండి జోరందుకుంటుంది. ఉరుములు మొదలైతే నీటి అంచునా, ఒంటరి చెట్టు కిందా ఉండరాదు.

ఈతకు ఈ చెరువులు పనికిరావు. అడుగున ఒండ్రు మట్టి, ఎప్పటివో చెట్ల మొద్దులు ఉంటాయి. పాకాలలో మొసళ్లు కూడా ఉన్నాయి. పైగా మత్స్యకారుల వలలు నీటిలో పరిచి ఉంటాయి. నీటి మీద వరసగా తేలే థర్మాకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో కనబడితే వాటి కింద వల ఉన్నట్టు తెలుసుకోవాలి. చేపల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘాలదే కాబట్టి గాలం వేయాలన్న సరదా ఉన్నవారు వారి అనుమతి లేనిదే వేయరాదు. అంతకంటే మంచి పని, వారు పట్టి తెచ్చిన చేపలను బేరమాడకుండా కొనుక్కోవడం.

అడవిలో నిప్పు విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యానికి హాని కలిగేలా నిప్పు రాజేయడం, రాజేసిన నిప్పును వదిలేసి పోవడం నేరం. మోదుగ పూసే ఫిబ్రవరి నాటికే ఈ అడవుల్లో ఎండుటాకు మందంగా పరుచుకుంటుంది. ఆర్పామనుకుని వదిలేసిన బొగ్గు గాలికి రాజుకుంటే గుట్టంతా తగలబడుతుంది. ఇప్పపూలు ఏరుకునే, తునికాకు కోసే కుటుంబాల ఏడాది ఆదాయం కూడా ఆ మంటలోనే పోతుంది. అందుచేత వంట సరంజామా తీసుకుపోకుండా భోజనం డబ్బాల్లో కట్టుకుపోవాలి, లేదా దారిలోని హోటళ్లలో తినాలి. మిగిలిన ఆహారాన్ని, కవర్లను అక్కడ విసరకుండా తిరిగి తెచ్చుకోవాలి. రోడ్డు పక్క కోతులకు అరటిపండ్లు వేయడం పుణ్యమని చాలామంది నమ్ముతారు. ఆ పండ్ల కోసం రోడ్డు మధ్యకు వచ్చిన కోతులు బండ్ల కింద పడుతున్నాయి, కనుక వేయకపోవడమే వాటికి మేలు.

పక్షులను చూడాలనుకునేవారు తెల్లవారగానే కట్ట చేరుకోవాలి, ముదురు రంగు దుస్తులు వేసుకోవాలి, స్పీకర్లు పెట్టకూడదు. నీటిలో నిలిచిన మోడు మీద నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకోవడం చూడాలంటే అరగంట కదలకుండా కూర్చునే ఓపిక ఉండాలి. అది ఈకలు తడిసే పక్షి. అలికిడికి బెదిరితే ఆరని రెక్కలతోనే మళ్లీ నీటి మీదుగా ఎగరవలసి వస్తుంది.

వెంట తీసుకుపోవలసినవి ఎక్కువ లేవు. తాగునీరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దోమల మందు, కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు, టార్చి, కొంత నగదు ఉంటే చాలు. అడవిలో సిగ్నల్ పోయిన చోట ఫోన్‌తో చెల్లింపులు జరగవు కాబట్టి నగదు తప్పనిసరి. పెట్రోలు ములుగులోగానీ నర్సంపేటలోగానీ నింపుకోవాలి. పాము కాటు వేస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయకుండా, కాటు పడిన కాలినో చేతినో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. రెండేళ్లకోసారి మాఘ మాసంలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర జరిగే రోజుల్లో ములుగు, పస్రా, తాడ్వాయి దారులన్నీ భక్తుల వాహనాలతో నిండిపోతాయి. ఆ వారంలో కేవలం చెరువుల కోసం అటు వెళ్లకూడదు.

తిరుగు ప్రయాణం పొద్దుండగానే మొదలుపెట్టాలి. చీకటి పడ్డాక అడవి రోడ్ల మీదికి దుప్పులు, అడవి పందులు వస్తాయి, పొలం పనుల నుంచి మళ్లే పశువులు లైట్లు లేని మలుపుల్లో ఎదురవుతాయి. బస్సులో వచ్చినవారు దిగగానే ఆ స్టేజీలో చివరి బస్సు ఎన్ని గంటలకో కండక్టరును అడిగి తెలుసుకుని, దానికి ముందు బస్సునే తమ బస్సుగా లెక్కపెట్టుకోవాలి.